ఈస్ట్ కణంలో మోటార్ ప్రొటీన్ల కదలికను చూడటం, కొలవడం ఎలా?

ఎమ్మెస్సీ డిసర్టేషన్ల కాలం వచ్చిందంటే నన్ను చాలామంది ఒకటే అడుగుతారు: "జీఎఫ్‌పీ వెలుగుతోంది, చుక్కలు కనిపిస్తున్నాయి, కానీ ఏదీ కదలడం లేదు. ఎందుకు?" కొందరిది దీనికి తిరగేసిన ప్రశ్న: "అన్నీ కదులుతున్నాయి. వీటిలో మోటార్ లాక్కెళ్తున్నదేది, ఊరికే ఊగుతున్నదేది?" రెండింటికీ కలిపి ఒకేచోట జవాబు రాస్తున్నాను. మోటార్ అంటే కణంలో తీగల మీద నడుస్తూ సరుకు మోసే ప్రొటీన్. జీఎఫ్‌పీ అంటే ఆకుపచ్చగా వెలిగే ప్రొటీన్, చూడదలచిన ప్రొటీన్‌కు దాన్ని గుర్తుగా (ట్యాగ్‌గా) తగిలిస్తారు. ఇది బేకర్స్ ఈస్ట్, అంటే శాకరోమైసిస్ సెరివిసియే కోసం. ఫిషన్ ఈస్ట్ వాడేవాళ్లకు స్లైడు తయారీ, కొలత పనికొస్తాయి, మిగతావి పనికిరావు.

ముందు ఏం చూడాలో తేల్చుకోండి

సిద్ధాంతం ఒక్క పేరానే. పాఠ్యపుస్తకంలో బొమ్మ గుర్తుందా? మైక్రోట్యూబ్యూల్ మీద కైనెసిన్ పెద్ద మూటను మోసుకుంటూ నడుస్తుంటుంది. అది జంతుకణాల బొమ్మ. దాన్ని మనసులో పెట్టుకుని ఈస్ట్‌లో వెతికితే రోజులు వృథా అవుతాయి. ఇక్కడ దూరప్రయాణాలు యాక్టిన్ అనే ప్రొటీన్ తీగల మీద జరుగుతాయి. తల్లి కణం నుంచి మొగ్గలోకి (దాని మీద పెరిగే పిల్ల కణంలోకి) స్రావక వెసికిల్స్‌ను, అంటే సరుకు నింపిన చిన్న సంచులను, వాక్యుయోల్‌ను, పెరాక్సిజోమ్‌లను లాక్కెళ్లేది మయో2 అనే మయోసిన్. మైక్రోట్యూబ్యూల్స్ మీద ఉండే కైనెసిన్ తరహా మోటార్లు ఆరు, డైనీన్ ఒక్కటి. వీటి పని ప్రధానంగా కేంద్రకాన్ని, స్పిండిల్‌ను సరైన చోట ఉంచడం, క్రోమోజోములను పంచడం. మయోసిన్లు మొత్తం ఐదు. అన్నీ కలిపి పన్నెండే కాబట్టి, ఏది ఏం చేస్తుందో విడదీసి చూడటం ఇక్కడ సాధ్యమవుతుంది.

ఇంకొకటి. మోటార్ వేసే ఒక్కో అడుగు కొన్ని నానోమీటర్ల నుంచి కొన్ని పదుల నానోమీటర్ల వరకు మాత్రమే ఉంటుంది. మామూలు ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపు రెండు చుక్కలను విడదీసి చూపగల దూరం 220 నానోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. కాబట్టి మీరు చూసేది అడుగులను కాదు, మోటార్ మోసే సరుకు ప్రయాణాన్ని.

మొదటిసారి చేసేవాళ్లకు నా సలహా: జీఎఫ్‌పీ తగిలించిన సెక్4తో మొదలుపెట్టండి. సెక్4 స్రావక వెసికిల్స్ మీద కూర్చునే ప్రొటీన్, వెసికిల్స్‌ను మోసేది మయో2. వేగంగా, స్పష్టంగా, ఒకే దిశలో కదులుతాయి. డైనీన్ చూడాలన్న ఉత్సాహం చాలామందికి ఉంటుంది కానీ దాని చుక్కలు చాలా మసక, కదలిక నెమ్మది. దాన్ని రెండో ప్రాజెక్టుగా పెట్టుకోండి.

కావలసినవి

- జీఎఫ్‌పీ-సెక్4 ఉన్న స్ట్రెయిన్. ట్యాగ్ లేని అదే స్ట్రెయిన్ కూడా తప్పనిసరి.
- సింథటిక్ కంప్లీట్ మీడియం, 2 శాతం గ్లూకోజ్‌తో. వీలైతే రైబోఫ్లేవిన్, ఫోలిక్ ఆమ్లం లేని నైట్రోజన్ బేస్‌తో చేసినది.
- 0.17 మిల్లీమీటర్ల మందం ఉన్న కవర్‌స్లిప్పులు. పెట్టె మీద 1.5 అని ఉంటుంది.
- అగరోజ్, లేదా కణాలను గాజుకు అంటించే కాంకనావలిన్-ఎ.
- 100 రెట్లు పెంచే ఆయిల్ ఆబ్జెక్టివ్ (న్యూమరికల్ అపెర్చర్ 1.4 లేదా ఎక్కువ), సెకనుకు పది ఫ్రేములు తీయగల కెమెరా.
- లాట్రంక్యులిన్-ఎ (యాక్టిన్ తీగలను చెదరగొట్టే మందు), నోకోడజోల్ (మైక్రోట్యూబ్యూల్స్‌ను కరిగించే మందు), వీటిని కరిగించడానికి డీఎంఎస్‌ఓ. లాట్రంక్యులిన్ ఖరీదైనది, కానీ దాన్ని ఎగ్గొడితే మీ ఫలితాన్ని ఎవరూ నమ్మరు.
- ఫోటోల్లో కొలతలు తీసే ఫిజీ సాఫ్ట్‌వేర్. ఉచితం.

స్ట్రెయిన్ జన్యుమార్పిడి చేసినది కాబట్టి పని మొదలుపెట్టేముందు మీ సంస్థ బయోసేఫ్టీ కమిటీని అడగండి. వాడిన కల్చర్లను ఆటోక్లేవ్ చేశాకే పారబోయండి.

దశ 1: ట్యాగ్ సరైన చివర ఉందో లేదో చూడండి

ఈస్ట్‌లో పీసీఆర్ ముక్కతో జన్యువు చివర (సీ-చివర) జీఎఫ్‌పీ అతికించడం చాలా సులువు. 2003లో నాలుగు వేలకు పైగా ప్రొటీన్లకు అలాగే ట్యాగ్ తగిలించి ఒక స్ట్రెయిన్ల సేకరణే తయారుచేశారు. మీకు కావలసినది అందులో ఉంటే కొత్తగా కట్టుకోనక్కర్లేదు. సెక్4 విషయంలో మాత్రం ఈ సులువు దారి మోసం చేస్తుంది. సెక్4 పొరకు అంటుకోవడానికి కొవ్వు గొలుసు తగిలేది సరిగ్గా ఆ సీ-చివరలోనే. అక్కడ జీఎఫ్‌పీ పెడితే ప్రొటీన్ వెసికిల్‌ను వదిలేసి సైటోసోల్‌లో తేలుతుంది, కణమంతా సమానంగా వెలుగుతుంది. ఆ కణాల్లో చుక్కల కోసం ఎంత వెతికినా దొరకవు. సెక్4కు ట్యాగ్ మొదటి చివరే ఉండాలి.

ప్లాస్మిడ్ మీద పెడుతుంటే కణానికి ఒకటి రెండు కాపీలే ఉండే సెంట్రోమియర్ రకం వాడండి. కాపీలు ఎక్కువగా ఉండే టూ-మైక్రాన్ ప్లాస్మిడ్‌తో ప్రొటీన్ పొంగిపోయి చుక్కలన్నీ ఒక పొగమంచులో కలిసిపోతాయి.

డైనీన్‌కు, కైనెసిన్లకు సీ-చివర ట్యాగ్ సాధారణంగా పనిచేస్తుంది. కాకపోతే డైనీన్ అణువులు తక్కువ కాబట్టి ఒక జీఎఫ్‌పీ చాలదు, వరసగా మూడు పెట్టిన ట్యాగ్ వాడతారు.

ఎలా సరిచూసుకోవాలి: ట్యాగ్ ఉన్న స్ట్రెయిన్, లేని స్ట్రెయిన్ పలుచన చేసి ప్లేటు మీద పక్కపక్కనే చుక్కలుగా పెట్టి, 30, 37 డిగ్రీల్లో పెంచండి. ట్యాగ్ ఉన్నది వెనకబడితే ఆ ట్యాగ్ ప్రొటీన్‌ను కుంటిదాన్ని చేసిందన్నమాట. అక్కడే ఆగి సరిచేసుకోండి.

దశ 2: కల్చర్

"చుక్కలు కదలడం లేదు" అని రాసేవాళ్లలో ఎక్కువమంది తప్పు ఈ దశలోనే జరుగుతుంది. మైక్రోస్కోపుది కాదు.

1. ఒక్క కాలనీని సాయంత్రం 5 మిల్లీలీటర్ల మీడియంలో వేసి 30 డిగ్రీల్లో షేకర్ మీద పెట్టండి.
2. పొద్దున ఓడీ (కల్చర్ ఎంత చిక్కగా ఉందో చెప్పే కొలత) 0.1కి పలుచన చేయండి. ఫ్లాస్కులో ఐదో వంతుకు మించి నింపకండి. జీఎఫ్‌పీ వెలగడానికి ఆక్సిజన్ కావాలి.
3. కనీసం రెండు సార్లు రెట్టింపయ్యేదాకా ఆగండి. సింథటిక్ మీడియంలో దీనికి నాలుగైదు గంటలు పడుతుంది. ఓడీ 0.3 నుంచి 0.6 మధ్య వాడుకోండి.

రాత్రంతా పెరిగిన కల్చర్‌ను నేరుగా స్లైడు మీద పెట్టడం అతి సాధారణమైన పొరపాటు. గ్లూకోజ్ అయిపోయిన కణంలో యాక్టిన్ తీగలు చెదిరిపోతాయి. తీగలే లేకపోతే మయో2 దేని మీద నడుస్తుంది?

ఈస్ట్ పెంచడానికి మామూలుగా వాడే వైపీడీ మీడియం వద్దు. అది తనంతట తానే ఆకుపచ్చగా మెరుస్తుంది. మీ స్ట్రెయిన్ ఏడీఈ2 మ్యూటెంట్ (అడెనిన్ తయారుచేసుకోలేనిది) అయితే ఎరుపు రంగు పదార్థం పేరుకుని నేపథ్యం పాడుచేస్తుంది, మీడియంలో అడెనిన్ ఎక్కువ వేయండి.

ఎలా సరిచూసుకోవాలి: ఒక చుక్కను మామూలు మైక్రోస్కోపు కింద పెట్టి వంద కణాలు లెక్కపెట్టండి. సగానికి పైగా మొగ్గలతో కనిపించాలి. అంతకంటే తక్కువైతే ఆ రోజు ఫోటోలు తీయకండి, కల్చర్ మళ్లీ మొదలుపెట్టండి.

దశ 3: స్లైడు

అగరోజ్ పద్ధతి నాకు ఎక్కువ ఇష్టం. మీడియంలోనే ఒకటిన్నర శాతం అగరోజ్ కరిగించండి. ఒకసారి కరిగించి మిగిల్చిన దాన్ని మళ్లీ మళ్లీ వేడిచేస్తే గ్లూకోజ్ మాడి గోధుమరంగు తిరుగుతుంది, నేపథ్యం పెరుగుతుంది. ఏ రోజుది ఆ రోజే చేసుకోండి.

1. స్లైడుకు రెండు వైపులా టేపు అంటించిన స్లైడులు పెట్టి, మధ్య స్లైడు మీద అగరోజ్ చుక్క వేసి, పైన ఇంకో స్లైడు అడ్డంగా మూసి గడ్డకట్టనివ్వండి.
2. ఒక మిల్లీలీటర్ కల్చర్‌ను తక్కువ వేగంతో, అర నిమిషం మాత్రమే సెంట్రిఫ్యూజ్ చేయండి. గట్టిగా తిప్పడం కూడా కణానికి ఒత్తిడే, యాక్టిన్ దిశ చెదిరిపోతుంది. తర్వాత తాజా మీడియంలో కలిపి పది, పదిహేను నిమిషాలు మెల్లగా ఊపుతూ ఉంచండి.
3. రెండు, మూడు మైక్రోలీటర్లు అగరోజ్ మీద వేసి, ఒక నిమిషం ఆగి, కవర్‌స్లిప్ పెట్టండి.
4. అంచులు మూయండి. వ్యాజలీన్, లానోలిన్, పారఫిన్ సమంగా కరిగించిన మిశ్రమం మంచిది. నెయిల్ పాలిష్ ద్రావకాలు కణాలకు, జీఎఫ్‌పీకి కూడా పడవు.

ఒక స్లైడు ఇరవై, ముప్పై నిమిషాలకు మించి నమ్మదగినది కాదు. లోపల ఆక్సిజన్ తగ్గుతుంది, కణాలు కార్బన్ డయాక్సైడ్ వదిలి బుడగలు కడతాయి, ఫోకస్ జారుతుంది. కొత్త స్లైడు చేసుకోండి, బద్ధకించకండి.

ప్రయోగం మధ్యలో మందు కలపాలంటే అగరోజ్ కుదరదు. అప్పుడు కాంకనావలిన్-ఎ పూసిన గాజు అడుగున్న డిష్ వాడాలి. మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము ద్రావణం పూసి, ఆరబెట్టి, కడిగి, కణాలు వేసి, అంటుకోనివాటిని కడిగేయడమే.

ఉష్ణోగ్రత గురించి హెచ్చరిక. మోటార్ వేగం ఉష్ణోగ్రతతో మారుతుంది. రూమ్ టెంపరేచర్ అని రాసేస్తే సరిపోదు. మే నెలలో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏసీ ఆగిపోయిన గది 35 డిగ్రీలు ఉంటుంది. ఆ అంకెను, పుస్తకంలో 25 డిగ్రీల దగ్గర కొలిచిన అంకెతో పోల్చి కొత్త విషయం కనిపెట్టామనుకోకండి. స్టేజి వేడి పెడుతున్నా సరే, ఆయిల్ ఆబ్జెక్టివ్ కవర్‌స్లిప్ నుంచి వేడి లాగేస్తుంది. థర్మామీటర్ తీగ నమూనా పక్కనే పెట్టి కొలవండి.

దశ 4: ఫోటోలు తీయడం

సెక్4 వెసికిల్స్ సెకనుకు సుమారు 3 మైక్రోమీటర్లు వెళ్తాయి. కణం అడ్డకొలత 5 మైక్రోమీటర్లు. అంటే ప్రయాణం ఒకటి రెండు సెకన్లలో అయిపోతుంది! ఐదు సెకన్లకో ఫోటో తీసి "కదలడం లేదు" అనడం ఇక్కడే జరిగే పొరపాటు. వెసికిల్ మధ్యలోనే వచ్చి వెళ్లిపోయింది, మీరు చూడలేదంతే.

- ఒక్కటే ఫోకల్ ప్లేన్. పొరలు పొరలుగా తీసే సమయం లేదు.
- ఎక్స్‌పోజర్ 50 నుంచి 100 మిల్లీసెకన్లు, ఆపకుండా 20 నుంచి 30 సెకన్లు.
- వెలుగు ముందే పెంచకండి. చుక్క నేపథ్యం నుంచి విడిగా కనిపించేంత చాలు. ఎక్కువ వెలుగు జీఎఫ్‌పీని మాడుస్తుంది, కణానికీ హాని చేస్తుంది.
- చిన్న మొగ్గ ఉన్న కణాలను ఎంచుకుని, ట్రాక్ చేయడం తల్లి కణంలో చేయండి. మొగ్గ కొన దగ్గర వెసికిల్స్ కిక్కిరిసి ఉంటాయి, అక్కడ ఒక్కొక్కటి విడిగా కనిపించదు.

లేజర్‌తో కోరిన చోట మాడ్చే సౌకర్యం ఉంటే మొగ్గను ముందే మాడ్చేయండి. నల్లబడ్డ మొగ్గలోకి కొత్తగా వచ్చే వెసికిల్స్ ఒక్కొక్కటీ కనిపిస్తాయి. చూడటానికీ బాగుంటుంది.

కణం మధ్యలో ఫోకస్ పెడితే చుక్కలు ఒకటి రెండు ఫ్రేముల్లో మాయమవుతుంటాయి. తీగలు ఎక్కువగా కణం అంచు వెంట సాగుతాయి కాబట్టి, ఫోకస్‌ను కవర్‌స్లిప్ వైపు అర మైక్రోమీటరు జరిపి చూడండి.

మైక్రోట్యూబ్యూల్ వైపు పని చేసేవాళ్లకు లెక్క పూర్తిగా వేరు. అక్కడ కదలికలు నిమిషానికి కొన్ని మైక్రోమీటర్లే. అర మైక్రోమీటరు దూరంతో ఏడు నుంచి పదకొండు పొరలు, పది సెకన్లకోసారి, పది నిమిషాలు. తర్వాత పొరలన్నీ ఒకటిగా కలిపి చూడాలి. డైనీన్ స్పిండిల్‌ను లాగడం చూడాలంటే 200 మిల్లీమోలార్ హైడ్రాక్సీయూరియాతో గంటన్నర ఆపిన కణాల్లో స్పిండిల్ అటూ ఇటూ లాగబడటం బాగా కనిపిస్తుంది.

దశ 5: కొలత

1. ఫిజీలో ఫైలు తెరిచి, ఇమేజ్ మెనూలోని ప్రాపర్టీస్‌లో పిక్సెల్ కొలత, ఫ్రేముల మధ్య సమయం నింపండి. కెమెరా పిక్సెల్ 6.5 మైక్రోమీటర్లు, ఆబ్జెక్టివ్ 100 రెట్లు అయితే ఫోటోలో ఒక పిక్సెల్ 0.065 మైక్రోమీటర్లు. బిన్నింగ్ (పక్క పిక్సెళ్లను ఒకటిగా కలపడం) రెండు పెట్టి ఉంటే అది రెట్టింపు. మధ్యలో ఒకటిన్నర రెట్ల లెన్సు ఉందేమో కూడా చూడండి. అనుమానంగా ఉంటే స్టేజి మైక్రోమీటర్ ఫోటో తీసి నేరుగా కొలవండి.
2. ఫ్రేముల మధ్య సమయం అంటే ఎక్స్‌పోజర్ కాదు. 100 మిల్లీసెకన్ల ఎక్స్‌పోజర్ పెట్టినా అసలు తేడా 130 ఉండొచ్చు. ఫైలులో నమోదైన టైమ్‌స్టాంపుల నుంచే తీసుకోండి.
3. వెసికిల్ దారి వెంట, తల్లి నుంచి మొగ్గ వైపు, ఐదు పిక్సెళ్ల వెడల్పుతో గీత గీయండి. స్టాక్స్ మెనూలో రీస్లైస్ నొక్కితే కైమోగ్రాఫ్ వస్తుంది. అడ్డంగా దూరం, నిలువుగా కాలం.
4. మోటార్ లాక్కెళ్లిన చుక్క ఏటవాలుగా, వంపు లేని తిన్నని గీతలా కనిపిస్తుంది. ఊరికే ఊగే చుక్క వంకరటింకర. నిలువు గీత అంటే కదలనిది.
5. గీత రెండు చివరలూ కొలవండి. ఉదాహరణకు అడ్డంగా 40 పిక్సెళ్లు, నిలువుగా 9 ఫ్రేములు, ఫ్రేముకు 0.1 సెకను: దూరం 2.6 మైక్రోమీటర్లు, కాలం 0.9 సెకను, వేగం సెకనుకు 2.9 మైక్రోమీటర్లు.

నాలుగైదు ఫ్రేములైనా వరసగా కనిపించని చుక్కను లెక్కలోకి తీసుకోకండి. ఆ నియమం కొలవడం మొదలుపెట్టకముందే రాసి పెట్టుకోండి, ఎందుకంటే చేత్తో ఎంచుకునేటప్పుడు కంటికి ఎప్పుడూ వేగంగా వెళ్లేవే ఆనుతాయి. కుదిరితే ఏది కంట్రోలో, ఏది మందు వేసినదో తెలియకుండా ఫైళ్ల పేర్లు స్నేహితుడితో మార్పించి కొలవండి. ఒకే కణంలో ముప్పై వెసికిల్స్ కొలిచి ముప్పై అని రాయడం మోసమే. వేర్వేరు రోజుల్లో పెంచిన కనీసం మూడు కల్చర్లు కావాలి.

దశ 6: అది మోటారేనని రుజువు

ఈ దశ లేని ప్రాజెక్టును నేను ఒప్పుకోను. చుక్క కదిలిందన్నది పరిశీలన మాత్రమే, కదిలించింది మయో2 అన్నది మీరు చేస్తున్న వాదన.

లాట్రంక్యులిన్-ఎ 200 మైక్రోమోలార్ వేసి ఐదు నిమిషాలాగి చూడండి. సూటి ప్రయాణాలు ఆగిపోవాలి. పక్కనే అంతే డీఎంఎస్‌ఓ మాత్రం వేసిన నమూనా ఉండాలి. ఇంకో నమూనాలో మిల్లీలీటరుకు 15 మైక్రోగ్రాముల నోకోడజోల్ వేయండి. ఇది మైక్రోట్యూబ్యూల్స్‌ను కరిగిస్తుంది, కానీ సెక్4 వెసికిల్స్ ప్రయాణం సాగుతూనే ఉండాలి. డైనీన్ చూసేవాళ్లకు ఫలితం తారుమారవుతుంది: నోకోడజోల్‌తో ఆగాలి. నోకోడజోల్ ఒక్కసారిగా పోస్తే సూదుల్లా గడ్డకడుతుంది. కల్చర్ తిప్పుతూ చుక్క చుక్కగా వేయండి, గ్లవ్స్ మరవకండి.

మందులు యాక్టిన్ ఉండాలని చెబుతాయి, మయో2 అని చెప్పవు. అందుకు మయో2-66 అనే ఉష్ణోగ్రతకు లొంగే మ్యూటెంట్ ఉంది. 25 డిగ్రీల్లో పనిచేస్తుంది, 35 దాటిస్తే కొద్ది నిమిషాల్లోనే వెసికిల్స్ మొగ్గ దగ్గర చేరడం మానేస్తాయి. మామూలు స్ట్రెయిన్‌ను కూడా అంతే వేడిలో చూడాలి, లేకపోతే అది వేడి ప్రభావమో మ్యూటేషన్ ప్రభావమో తెలియదు. ఇంతకంటే అందమైన రుజువు 2002లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఆంథనీ బ్రెట్షర్ బృందం చూపింది. మయో2 మెడ భాగాన్ని పొట్టి చేస్తే వెసికిల్స్ వేగం ఆ మేరకు తగ్గింది. మోటార్‌ను మారిస్తే వేగం మారిందంటే ఇక వాదన ఏముంది?

వెనక్కి, అంటే మొగ్గ నుంచి తల్లి వైపు నెమ్మదిగా వెళ్లే చుక్కలు కనిపిస్తే తొందరపడి కొత్త మోటార్ అని పేరు పెట్టకండి. యాక్టిన్ తీగలే మొగ్గ వైపున్న చివర పెరుగుతూ సెకనుకు సుమారు 0.3 మైక్రోమీటర్ల వేగంతో వెనక్కి జారుతుంటాయి. వాటికి అంటుకున్నది కూడా వాటితోపాటే వెళ్తుంది.

జీఎఫ్‌పీ స్ట్రెయిన్ దొరకనివాళ్లకు

కాలేజీ ల్యాబులో ప్లాస్మిడ్లు, వేగవంతమైన కెమెరా లేకపోయినా ఒక దారి ఉంది. ఎఫ్‌ఎం4-64 అనే రంగు వాక్యుయోల్ పొరలో చేరి ఎర్రగా మెరుస్తుంది. వాక్యుయోల్‌ను మొగ్గలోకి లాగేది కూడా మయో2నే. ఓడీ 0.5 కల్చర్ ఒక మిల్లీలీటరును కొద్ది మీడియంలో కుదించి, 10 నుంచి 40 మైక్రోమోలార్ రంగుతో చీకట్లో 30 డిగ్రీల్లో అరగంట ఉంచండి. రెండుసార్లు కడిగి, తాజా మీడియంలో గంట నుంచి రెండు గంటలు పెంచండి. ఈ ఆగడం తగ్గిస్తే రంగు ఇంకా దారిలోని ఎండోజోముల్లోనే ఉండి చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. తర్వాత నిమిషానికో ఫోటో చొప్పున అరగంట తీయండి. తల్లి వాక్యుయోల్ నుంచి సన్నని గొట్టంలాగానో, చుక్కల వరసలాగానో ఒక తోక సాగి మొగ్గలోకి వెళ్తుంది. దీనికి కంట్రోలుగా వ్యాక్17 జన్యువు తీసేసిన స్ట్రెయిన్ వాడండి. మయో2ను వాక్యుయోల్‌కు కలిపే ముడి అదే కనుక అక్కడ మొగ్గలోకి తోక వెళ్లదు.

ఇంకా పని చేయకపోతే

కణమంతా సమానంగా వెలుగుతోందా? ట్యాగ్ తప్పు చివర ఉంది, లేదా ఆ కణం చచ్చిపోయింది. చచ్చిన కణాలు చుట్టుపక్కల వాటికంటే బాగా వెలుగుతాయి, కొత్తవాళ్ల కళ్లు వాటి మీదే పడతాయి.

ట్యాగ్ లేని స్ట్రెయిన్‌లో కూడా చుక్కలున్నాయా? అది మీడియం లేదా అడెనిన్ సమస్య. రెండు స్ట్రెయిన్ల ఫోటోలు ఒకే ఎక్స్‌పోజర్‌తో, ఒకే కాంట్రాస్ట్‌తో పక్కపక్కన పెట్టి చూడండి. సాఫ్ట్‌వేర్ తనంతట తాను కాంట్రాస్ట్ పెంచేస్తే ఖాళీ కణంలో కూడా నక్షత్రాలు కనిపిస్తాయి.

చుక్కలన్నీ ఒకే దిశలో, ఒకే వేగంతో కదులుతున్నాయా? కదిలేది స్టేజి.

మొదటి పది సెకన్లు బాగా కదిలి, ఆ తర్వాత అన్నీ నెమ్మదిస్తున్నాయా? వెలుగు ఎక్కువైంది. సగానికి తగ్గించి మళ్లీ తీయండి. అసలు పరీక్ష ఇది: ఫోటోలు తీసిన కణాలను స్లైడు మీద వదిలేయకుండా, డిష్‌లో తాజా మీడియం పోసి గంటన్నర, రెండు గంటల తర్వాత అదే చోట మళ్లీ చూడండి. వెలుగు పడని పక్క కణాల మొగ్గలు పెద్దవై, మీరు తీసిన కణం మొగ్గ అలాగే ఉండిపోయిందంటే, మీరు కొలిచిన వేగం ఆరోగ్యంగా ఉన్న కణానిది కాదు. ఆ డేటా పక్కన పెట్టి దశ 4కు వెళ్లండి.